పేవర్ మెకానిక్ సంచి: రెండు సీజన్లు మోశాక ఏది మిగిలింది, ఏది ఇంట్లో పడింది

పేవర్ అంటే రోడ్డు మీద వేడి తారు మిక్స్ పరిచే మెషీన్. దాని రిపేరుకి ఫోన్ చేసేవాళ్లు మెషీన్ గురించి చెప్పరు, రోడ్డు గురించి చెబుతారు. ఎడమ పక్క మ్యాట్ (పరిచిన తారు పొర) చిరుగుతోంది, మధ్యలో గరుకు గీత పడుతోంది, అలలు అలలుగా వస్తోంది, అంతే. మనం వెళ్లేసరికి లోడుతో టిప్పర్లు వరసగా ఆగి ఉంటాయి, మిక్స్ చల్లారిపోతూ ఉంటుంది, రోలర్ ఆపరేటర్ చేతులు కట్టుకుని మనవైపే చూస్తుంటాడు. ఆ టెన్షన్‌లో చెయ్యి ముందు పానా మీదకే పోతుంది. ఏదో ఒకటి విప్పితే పని మొదలైనట్టు ఉంటుంది కదా. నేనూ చాలా కాలం అలాగే చేశాను. విప్పే పనిముట్ల కంటే కొలిచే పనిముట్లే ఈ మెషీన్ మీద ఎక్కువ పనికొస్తాయని ఆలస్యంగా తెలిసింది. గత రెండు సీజన్లలో నేను కొన్నవి, వాడినవి, కొని తిట్టుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. కంపెనీల పేర్లు రాయడం లేదు, ఒకే రకం పనిముట్టు పది పేర్లతో దొరుకుతుంది, చూడాల్సింది దానిలో ఏముందో.

మొదట టెంపరేచర్ గన్. దీన్ని అందరూ కొంటారు, సగం మంది తప్పుగా వాడతారు, ఆ సగంలో నేనూ ఉన్నాను. ఒకసారి మ్యాట్ ఎడమవైపు చిరుగుతోంది, స్క్రీడ్ (పేవర్ వెనక మిక్స్‌ని చదును చేసే వేడి పలక) ఆ పక్క వేడెక్కడం లేదన్నారు. స్క్రీడ్ పైకి లేపించి, లాక్ పిన్నులు పెట్టి, కింద నుంచి గన్ పట్టి చూశాను. కుడి ప్లేటు 128 డిగ్రీలు చూపించింది, ఎడమది 70 దగ్గరే ఆగింది. హీటర్ రాడ్ పోయిందని తేల్చేసి కవర్లు విప్పాను, తారు గట్టిపడిన బోల్టులతో గంటన్నర కుస్తీ పట్టి రాడ్ బయటికి తీశాను. మీటర్ పెడితే రాడ్ నిక్షేపంగా ఉంది. అప్పుడు తాకించి చూసే ప్రోబ్ తెచ్చి ఎడమ ప్లేటుకి ఆనిస్తే 126 డిగ్రీలు! జరిగిందేమిటంటే, కుడి ప్లేటు మీద నల్లటి తారు పొర ఉంది, ఎడమది మిక్స్ రాసుకుని అద్దంలా మెరుస్తోంది. ఈ గన్‌లు వచ్చేటప్పుడు ఎమిసివిటీ (ఉపరితలం వేడిని ఎంతగా వెదజల్లుతుందో చెప్పే అంకె) 0.95 దగ్గర సెట్ చేసి ఉంటాయి, అది నల్లటి, గరుకు ఉపరితలానికి సరిపోతుంది. మెరిసే ఉక్కు వేడిని అంతగా బయటికి వదలదు కాబట్టి గన్ చాలా తక్కువ చూపిస్తుంది. చిరగడానికి అసలు కారణం వేరే, తర్వాత చెబుతాను.

అప్పటి నుంచి ప్లేటు పక్క అంచున, మిక్స్ రాసుకోని చోట, వేడికి తట్టుకునే నల్ల పెయింట్ రూపాయి బిళ్లంత మచ్చ వేసి అక్కడే కొలుస్తున్నాను. ఇంకో సంగతి, లేజర్ చుక్క పడినచోట మాత్రమే గన్ కొలుస్తుందని అనుకోకండి. 12:1 అని రాసిన గన్‌తో 60 సెంటీమీటర్ల దూరం నుంచి కొలిస్తే అది 5 సెంటీమీటర్ల వెడల్పు వలయానికి సగటు చెబుతుంది, ఆ వలయంలో పక్కనున్న చల్లటి ఫ్రేమ్ కూడా పడితే లెక్క తప్పినట్టే. కొనేటప్పుడు ఎమిసివిటీ మార్చుకునే వీలు ఉందా, కె-టైప్ ప్రోబ్ (తాకించి కొలిచేది) పెట్టుకునే సాకెట్ ఉందా అని ఈ రెండే చూడండి. మిగతా రంగురంగుల స్క్రీన్లు మనకెందుకు. హాపర్‌లో (టిప్పర్ మిక్స్ పోసే తొట్టి) మిక్స్ చూడటానికైతే మామూలు గన్ చాలు, తారు నల్లగానే ఉంటుంది, కానీ అది కుప్ప పైపొర వేడి మాత్రమే చెబుతుంది, లోపల ఎంతుందో తెలియాలంటే గుచ్చి చూసే థర్మామీటరే కావాలి.

కరెంటుతో వేడెక్కే స్క్రీడ్‌లు చూసేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది క్లాంప్ మీటర్ (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది), మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచేది) రెండూ ఉండాలని. రాడ్ బాగుందో లేదో తేల్చడానికి విప్పనక్కర్లేదు, దాని మీద రాసిన వాట్లు చూసి చిన్న లెక్క వేసుకుంటే చాలు. 230 వోల్టులకి 1000 వాట్ల రాడ్ అయితే 4.3 ఆంపియర్ల పైచిలుకు లాగాలి, చల్లగా ఉన్నప్పుడు 53 ఓమ్‌ల దగ్గర చూపించాలి. మీ మెషీన్ వోల్టేజీ వేరుగా ఉంటుంది, లెక్క మాత్రం ఇదే. బాక్సులో ఒక్కో తీగకి క్లాంప్ వేసుకుంటూ పోతే ఏ రాడ్ లాగడం లేదో రెండు నిమిషాల్లో దొరుకుతుంది. జనరేటర్ నడుస్తుండగా తెరిచిన బాక్సులో చేతులు పెడుతున్నామని మాత్రం మరిచిపోకండి, నిక్కర్లు వేసుకుని చెప్పులతో చేసే పని కాదిది.

మెగ్గర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీని వల్ల బాగున్న రాడ్లు చెత్తలో పడటం చూశాను. మెషీన్ వానాకాలమంతా కదలకుండా ఉండి, స్టార్ట్ చేయగానే ఇన్సులేషన్ ఫాల్ట్ అని హీటింగ్ ఆపేస్తుంది. మెగ్గర్ పెడితే 1 మెగా ఓమ్ కూడా రాదు. అంతే, రాడ్లన్నీ పోయాయని ఆర్డర్ పెట్టేస్తారు. ఆ రాడ్ లోపల తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి కూరి ఉంటుంది, అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. నెమ్మదిగా వేడి చేసి ఆరబెడితే చాలాసార్లు ఇన్సులేషన్ తిరిగి పైకి లేస్తుంది. నేను రాడ్లు విడిగా తీసి వెచ్చటి చోట ఆరబెట్టి మళ్లీ కొలుస్తాను, అప్పటికీ లేవకపోతేనే కొత్తది. కొలిచేది 500 వోల్టుల రేంజిలో. దానికి ముందు కంట్రోల్ బాక్సు, జనరేటర్ రెగ్యులేటర్ కనెక్టర్లు తప్పకుండా ఊడదీయాలి. ఆ వోల్టేజీ ఎలక్ట్రానిక్స్‌లోకి పోయిందంటే రాడ్ కోసం వచ్చి బోర్డు కొనాల్సి వస్తుంది.

గ్యాస్ బర్నర్ స్క్రీడ్ వాళ్లకి ఇవన్నీ అక్కర్లేదు, సబ్బునీళ్ల సీసా ఒకటి చాలు లీకు చూడటానికి. అగ్గిపుల్లతో చూసేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల పక్కన నేను నిలబడను.

హైడ్రాలిక్ ప్రెషర్ గేజ్ కిట్. నా సంచిలో అన్నిటికంటే ఎక్కువసార్లు బయటికి వచ్చేది ఇదే. చాలా పేవర్లలో టెస్ట్ పాయింట్లు ముందే బిగించి ఉంటాయి, మూత తిప్పి తీసి సన్న హోస్ బిగిస్తే చాలు, నూనె ఒలకదు. కిట్‌లో కనీసం మూడు గేజ్‌లు ఉండాలి: 60 బార్, 250 బార్, 600 బార్. ఎందుకు మూడు? ట్రాక్ నడిపే క్లోజ్డ్ సర్క్యూట్‌లో (నూనె పంపుకీ మోటారుకీ మధ్యే తిరిగే లైను) చార్జ్ ప్రెషర్, అంటే ఆ లైనుని నింపి ఉంచే చిన్న ప్రెషర్, చాలా మెషీన్లలో 20, 30 బార్ల మధ్యే ఉంటుంది, దాన్ని 600 బార్ గేజ్ మీద చూస్తే ముల్లు కదిలిందో లేదో కూడా తెలియదు. తిరగేసి, 60 బార్ గేజ్‌ని మెయిన్ లైనుకి పెడితే ఏమవుతుందో నన్ను అడగండి. ఆ గేజ్ ముల్లు ఇప్పుడు రెండో రౌండులో ఉంది. ఏ పాయింటో ఖాయంగా తెలియనప్పుడు ముందు పెద్ద గేజ్ పెట్టండి, తక్కువ చూపిస్తే అప్పుడు చిన్నదానికి మారండి. గ్లిజరిన్ నింపిన గేజ్‌లే తీసుకోండి, లేకపోతే పంపు అదురుకి ముల్లు వణుకుతూనే ఉంటుంది. టెస్ట్ పాయింట్ మూత తీసేముందు చుట్టూ గుడ్డతో తుడవడం చాదస్తంలా అనిపిస్తుంది కానీ అక్కడ పేరుకునేది డాంబరు కలిసిన ఇసుక, అది వాల్వులోకి పోతే పని పెరుగుతుంది.

గేజ్ కంటే ముందు వాడాల్సిన పనిముట్టు ఒకటుంది, అది ఊరికే వస్తుంది. పేవర్ అంటే నా లెక్కలో ఒక మెషీన్ కాదు, పక్కపక్కన నిలబెట్టిన ఇద్దరు కవలలు. కన్వేయర్లు (హాపర్ నుంచి మిక్స్‌ని వెనక్కి తెచ్చేవి) రెండు, ఆగర్లు (దాన్ని పక్కలకి పరిచే మరలు) రెండు, ట్రాక్ మోటార్లు రెండు, టో సిలిండర్లు (స్క్రీడ్‌ని లాగే చేతుల ముందు కొసని పైకీ కిందకీ జరిపేవి) రెండు. ఎడమది మొరాయిస్తే కుడిదే మీకు మాన్యువల్. ఎడమ కన్వేయర్ నెమ్మదిగా తిరుగుతోందంటే రెండు వాల్వుల సోలనాయిడ్ (కరెంటుతో వాల్వు తెరిచే కాయిల్) కనెక్టర్లు ఒకదానికొకటి మార్చండి, అటూ ఇటూ తీగ అందితే. జబ్బు కుడివైపుకి మారిందా, అయితే గొడవ వాల్వు వెనకున్న తీగలోనో, సెన్సార్‌లోనో, బాక్సులోనో ఉంది. ఎడమవైపే ఉండిపోయిందా, అయితే కాయిల్, వాల్వు, మోటారు, చైను, ఇటు చూడాలి. ఐదు నిమిషాల్లో సగం మెషీన్ మీద అనుమానం పోతుంది. ఆ తర్వాత గేజ్ పెట్టి రెండు వైపులా ఒకే లోడు మీద ప్రెషర్ రాసుకోండి. ఎడమది ఎక్కువ ప్రెషర్ లాగుతూ నెమ్మదిగా తిరుగుతుంటే ఏదో బిగుసుకుంది, అంటే చైనో బేరింగో. ప్రెషరే లేవకపోతే పంపో రిలీఫ్ వాల్వో లోపల లీకవుతోంది. ఈ ఒక్క తేడా తెలియక మోటార్లు మార్చినవాళ్లు ఎంతమందో.

హోస్ లీకు చేత్తో తడిమి చూడకండి. సూది మొనంత కన్నంలోంచి వచ్చే నూనె చర్మం దాటి లోపలికి పోతుంది, మొదట చీమ కుట్టినట్టే ఉంటుంది, నొప్పి లేదని ఇంటికెళ్లి పడుకుంటే చెయ్యి పోగొట్టుకునే ప్రమాదం ఉంది. అట్టముక్క పట్టి చూడాలి. చర్మంలోకి పోయిందని అనుమానం వచ్చినా సరే వెంటనే ఆసుపత్రికి వెళ్లి అక్కడ హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి పోయిందని నోరు తెరిచి చెప్పాలి.

మల్టీమీటర్ అందరి దగ్గరా ఉంటుంది కాబట్టి ఒక్క చిట్కా. డిస్‌ప్లే ఆరిపోతూ వెలుగుతూ, సెన్సార్లన్నీ ఒకేసారి ఎర్రర్ చూపిస్తుంటే, బ్యాటరీ స్విచ్ ఆపి క్యాన్ లైను (సెన్సార్లు, కంట్రోల్ బాక్సులు మాట్లాడుకునే తీగల జత) రెండు తీగల మధ్య ఓమ్‌లు కొలవండి. 60 రావాలి, ఎందుకంటే రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి. 120 వచ్చిందంటే ఒక చివర తెగింది లేదా ఊడింది. స్క్రీడ్‌కి వెళ్లే పెద్ద కేబుల్ కనెక్టర్‌తో మొదలుపెట్టండి, రోజూ ఊడదీసి తగిలించేది అదే.

ఇప్పుడు నేను కొని బాధపడినది. అల్ట్రాసోనిక్ థిక్‌నెస్ గేజ్. స్క్రీడ్ ప్లేటు ఎంత అరిగిందో కత్తిరించకుండా చెబుతుందని మురిసిపోయి కొన్నాను. అది అబద్ధం కాదు, చెబుతుంది. ఉక్కులో శబ్దం వేగం సెకనుకి 5920 మీటర్లని పెట్టి, జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తే మిల్లీమీటర్లో వందో వంతు దాకా అంకెలు వస్తాయి. కానీ మామూలు ప్రోబ్ వేడి ప్లేటు మీద పెట్టేది కాదు, స్క్రీడ్ పూర్తిగా చల్లారాలి, మనల్ని పిలిచేదేమో అది 120 డిగ్రీల మీద ఉన్నప్పుడు. వేడి మీద కొలిచే ప్రోబ్‌లు వేరే ఉన్నాయి, వాటితో కొలిచినా వేడి ఉక్కులో శబ్దం నెమ్మదిస్తుంది కాబట్టి మందం ఎక్కువ చూపిస్తుంది, లెక్క సరిచేసుకోవాలి. అన్నిటికీ మించి, ప్లేటు మందం ఎంతో తెలిసినంత మాత్రాన అది వంగిందో లేదో తెలియదు. మ్యాట్ మీద ప్రభావం చూపేది ఆ వంపే.

ఆ వంపుకి నేను వాడేది నైలాన్ దారం, ఒకే సైజు నట్లు మూడు. ప్లేటు ఈ చివర ఒక నట్టు, ఆ చివర ఒక నట్టు ఆనించి వాటి మీదుగా దారం బిర్రుగా లాగి కట్టాలి. మూడో నట్టుని దారానికీ ప్లేటుకీ మధ్య జరుపుకుంటూ పోవాలి. దారాన్ని తోసేస్తే అక్కడ ప్లేటు ఉబ్బింది, దారానికి తగలకుండా కిందా మీదా సందు కనిపిస్తే అక్కడ అరిగింది లేదా గుంట పడింది. ఆ సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) పెడితే అంకె కూడా వస్తుంది. ముందు అంచు దగ్గర ఒకసారి, వెనక అంచు దగ్గర ఒకసారి చూడాలి, ఎందుకంటే మధ్యలో క్రౌన్ (ప్లేటు మధ్య భాగం కాస్త పైకి ఉండే వంపు) ముందు అంచుకి కాస్త ఎక్కువ ఉంచుతారు. అది మరీ తక్కువైతే మ్యాట్ మధ్యలో చిరుగుతుంది, మరీ ఎక్కువైతే అంచుల్లో చిరుగుతుంది. పైన చెప్పిన ఎడమవైపు కేసులో ఈ దారమే దొంగని పట్టిచ్చింది. ఎక్స్‌టెన్షన్ స్క్రీడ్ (వెడల్పు పెంచడానికి పక్కకి జరిపే భాగం) వెనక అంచు మెయిన్ ప్లేటు కంటే దిగిపోయి ఉంది, గైడ్ అరిగి ఆట వచ్చింది. వేడితో దానికి సంబంధమే లేదు.

మధ్యలో గరుకు గీత వస్తుంటే మాత్రం దారం తీయకముందే తల లైటు పెట్టుకుని, మెషీన్ ఆపి తాళం చెవి జేబులో వేసుకుని, ఆగర్ గేర్‌బాక్స్ కిందకి చూడండి. అక్కడ మిక్స్‌ని మధ్యలోకి తోసే చిన్న ప్యాడిల్స్ (రెక్కలు) ఉంటాయి, అవి అరిగిపోయినా రాలిపోయినా గేర్‌బాక్స్ కింద సన్న మిక్స్ నిండక సరిగ్గా అక్కడే గీత పడుతుంది.

గ్రీజు గన్. బ్యాటరీ గన్ కొన్నాక చేతి గన్ పారేద్దామనుకున్నాను, పారేయకపోవడం మంచిదైంది. ట్రాక్ రోలర్లు, పిన్నులు, సిలిండర్లకి బ్యాటరీదే హాయి. ఆగర్ బేరింగులకి మాత్రం చేతి గన్ వాడతాను. దారి మూసుకుపోయి ఉంటే లివర్ బరువెక్కి చేతికి తెలుస్తుంది, బ్యాటరీ గన్ దాని మానాన అది గుర్రుమంటూ సీలు బయటికి తోసేస్తుంది. అక్కడ పాత గ్రీజుతో పాటు నల్లటి డాంబరు మడ్డి బయటికి వచ్చి, కొత్త గ్రీజు రంగు కనిపించేదాకా కొట్టాలి. ఎంత గ్రీజు అనేదాని కంటే ఏ గ్రీజు అనేది ఇంకా ముఖ్యం. మామూలు లిథియం గ్రీజు 190 డిగ్రీల దగ్గర కరిగి కారిపోతుంది, లిథియం కాంప్లెక్స్ 250 దాటినా నిలుస్తుంది. మిక్స్ 150, 160 డిగ్రీల్లో వస్తుంది కదా, మామూలుది సరిపోదా అంటారు. కరిగే హద్దుకి అంత దగ్గరగా గ్రీజుని రోజంతా ఉంచితే అది ఎండి పిడచ కట్టుకుపోతుంది, సరిపోదు. ఒక రకం మీద ఇంకో రకం కొట్టకండి, కొన్ని కలిస్తే నీళ్లలా పలచబడిపోతాయి.

ట్రాక్ టెన్షన్ వదిలేటప్పుడు గ్రీజు వాల్వుని ఒక చుట్టు కంటే ఎక్కువ తిప్పొద్దు, దాని ఎదురుగా మొహం పెట్టొద్దు. లోపలున్న ప్రెషర్‌కి ఆ వాల్వు తూటాలా వస్తుంది.

బ్యాటరీ ఇంపాక్ట్ రెంచ్ గురించి అందరూ పొగుడుతారు, నేనూ పొగుడుతాను, కానీ విప్పడానికి మాత్రమే. అది కూడా బోల్టు తలలో గట్టిపడ్డ తారుని మొనదేలిన స్క్రేపర్‌తో గీకి, కాస్త వేడి తగిలించాకే, లేకపోతే సాకెట్ సగం కూర్చుని తల గుండ్రం చేసేస్తుంది. ఆగర్ రెక్కలు గట్టి పోత ఇనుము, సుత్తితో కొడితే గాజులా పెట్లుతాయి. బిగించడానికి టార్క్ రెంచ్ తీయండి. ఇక్కడ చాలామంది పడే తప్పు ఒకటుంది. మళ్లీ తేలిగ్గా ఊడాలని మర మీద కాపర్ యాంటీ సీజ్ (మర పట్టేయకుండా రాసే పేస్టు) రాసి, మాన్యువల్‌లో పొడి మరకి ఇచ్చిన టార్క్ అంతా పెట్టేస్తారు. జారుడు పెరిగింది కాబట్టి అదే టార్క్‌కి బోల్టు ఇంకా ఎక్కువ సాగుతుంది, ఒక వారం తర్వాత తెగి మిక్స్‌లో కలుస్తుంది. రాస్తే టార్క్ తగ్గించాలి, ఎంతన్నది ఆ డబ్బా తయారుచేసినవాళ్లు ఇచ్చిన పట్టికలో చూసుకోవాలి.

కడిగే మందుల సంగతి. డీజిల్ బాగా కరిగిస్తుంది, అందుకే దాని మీద మోజు. కానీ అది మిక్స్‌లోని తారుని కూడా కరిగిస్తుంది, హాపర్‌లో చల్లిన డీజిల్ రోడ్డు మీద మెత్తటి మచ్చగా తేలుతుంది. పైగా 130 డిగ్రీల స్క్రీడ్ మీద డీజిల్ చల్లడమంటే ఆవిరికి నిప్పు వెతుక్కునే అవకాశం ఇచ్చినట్టే. దీనికి బదులుగా నిమ్మ తొక్కల నూనెతో చేసినవి వస్తున్నాయి, వాసన బాగుంటుంది, చేతులకీ నయమే. అయితే సహజమైనది కాబట్టి అంటుకోదని అనుకోకండి, అందులో ఉండే లిమోనీన్ ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకోగల వేడి) 48 డిగ్రీల దగ్గరే. రబ్బరు సీళ్ల మీద ఎక్కువసేపు ఉంచితే ఉబ్బే రకాలూ ఉన్నాయి. నా ఓటు చివరి లోడు అయిపోగానే, ఇంకా వెచ్చగా ఉండగా స్క్రేపర్‌తో గీకించి, తర్వాత పలచగా రిలీజ్ ఏజెంట్ (మిక్స్ అంటుకోకుండా కొట్టే మందు) కొట్టించడానికే. అరగంట ఆలస్యమైతే అదే పనికి మర్నాడు ఉలీ సుత్తీ కావాలి.

గ్లౌజులు తోలువి తీసుకోండి, ప్లాస్టిక్ కలిసినవి వేడికి చర్మానికి అతుక్కుంటాయి. వేడి తారు మీద పడితే వెంటనే ధారగా చల్లటి నీళ్లు 20 నిమిషాలు పోయాలి, అతుక్కున్న తారుని మాత్రం పీకకూడదు, చర్మంతో సహా వస్తుంది, అది డాక్టర్ల పని. స్క్రీడ్ కిందకి దూరేముందు లాక్ పిన్నులు, హాపర్ రెక్కల మధ్యకి వెళ్లేముందు వాటి లాకులు. సిలిండర్ పట్టుకుంటుందిలే అని నమ్మేవాళ్లతో నేను పని చేయను.

చివరగా ఒక మామూలు కొలత టేపు. సెన్సార్ పోయింది, మందం ఎగుడుదిగుడుగా వస్తోందని పిలిచిన చోట ముందు ఆపరేటర్ చేతుల్నే కాసేపు చూస్తాను. స్క్రీడ్ మ్యాట్ మీద తేలుతూ పోతుంది, టో పాయింట్ (స్క్రీడ్‌ని లాగే టో ఆర్మ్ ముందు కొస) కదిలించగానే పూర్తిగా కుదురుకోదు, టో ఆర్మ్ పొడవుకి ఐదింతలు నడిచాకే కుదురుతుంది. ఆర్మ్ 3 మీటర్లయితే 15 మీటర్లన్నమాట. ఆ లోపల రెండు మీటర్లకోసారి హ్యాండిల్ తిప్పుతుంటే అలలు రాక ఏమొస్తాయి. టేపు పరిచి 15 మీటర్ల దగ్గర సుద్దతో గీత గీసి, అక్కడిదాకా చెయ్యి వేయొద్దని చెబుతాను. ఈ ఏడాది అలా రెండు సెన్సార్లు కొత్తవి కొనకుండానే బాగయ్యాయి.

థిక్‌నెస్ గేజ్ ఇంట్లో అటక మీద ఉంది. తెలిసినవాళ్లెవరికైనా కావాలంటే అరువిస్తాను, జెల్ మాత్రం ఎండిపోయింది, మీరే తెచ్చుకోండి.